వాకపల్లి ఫైలు మూసేయకండి

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ హోం శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,
దర్యాప్తు లోపాలను సమీక్షించే ఉన్నతస్థాయి కమిటీ సభ్యులకు,

గౌరవనీయులారా,

2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక న్యాయస్థానం వాకపల్లి ఆదివాసీ మహిళలు పోలీసులపై పెట్టిన అత్యాచారం కేసులో తీర్పు చెప్పింది. విచారణ ఎదుర్కొన్న 13 మంది గ్రేహౌండ్స్ పోలీసులను నిర్దోషులుగా విడుదల చేసింది. అప్పటి నుంచి ఘాట్ రోడ్డుకు కిందా పైనా ఒకే మాట వినిపిస్తోంది. "కోర్టే కొట్టేసింది కదా, ఇంకేముంది?" టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు ఆ మాట అంటే సర్దుకుపోతాను, వాళ్లు తీర్పు చదవలేదు. చదవాల్సిన బాధ్యత ఉన్న మీరు కూడా అదే అనుకుని ఊరుకుంటే మాత్రం ఒప్పుకోలేను. అందుకే ఈ లేఖ.

అదే తీర్పు ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. అదే తీర్పు, దర్యాప్తు చేసినవాళ్లు తమ పని సరిగా చేయలేదని తప్పుపట్టి, దర్యాప్తు అధికారి వైఫల్యాన్ని ఉన్నతస్థాయి కమిటీ ముందు పెట్టాలని చెప్పింది. విడుదల ఆదేశం నిందితులకు సంబంధించినది. మిగిలినదంతా మీకు సంబంధించినది. ఆడవాళ్లు అబద్ధం చెప్పారని కోర్టు అనుకుని ఉంటే వాళ్లకు పరిహారం ఎందుకు ఇప్పిస్తుంది? దర్యాప్తు సక్రమంగా జరిగిందని అనుకుని ఉంటే దర్యాప్తు అధికారి సంగతి తేల్చమని ఎందుకు చెబుతుంది?

ఒక మాట ముందే స్పష్టంగా చెబుతాను. విడుదలైన ఆ 13 మంది చట్టం దృష్టిలో నిర్దోషులు. ఈ లేఖ వాళ్ల మీద కాదు. నేను అడుగుతున్నది మిమ్మల్ని, ఈ రాష్ట్రంలో పోలీసు వ్యవస్థను నడిపే కార్యాలయాన్ని.

ఆ రోజు సంగతి మీ ఫైళ్లలో ఉంది. అయినా మరోసారి వినండి. 2007 ఆగస్టు 20 పొద్దున జి.మాడుగుల మండలం నుర్మతి పంచాయతీలోని వాకపల్లికి 21 మంది గ్రేహౌండ్స్ బృందం కూంబింగ్‌కు వచ్చింది. మగవాళ్లు పనుల మీద బయటికి పోయి ఉన్నారు. ఇళ్ల దగ్గర, చేల దగ్గర ఉన్న తమలో 11 మందిపై పోలీసులు అత్యాచారం చేశారని ఆ ఊరి ఆడవాళ్లు చెప్పారు. వాళ్లు కోందు ఆదివాసీలు. ప్రభుత్వమే ప్రత్యేకంగా కాపాడాల్సిన ఆదిమ తెగగా గుర్తించిన సమూహం వాళ్లది. వాళ్లు దాచుకోలేదు, ఊళ్లోనే మాట తెంపేసుకోలేదు. కొండ దిగి పాడేరు వచ్చి ఫిర్యాదు చేశారు. పోలీసుల మీద ఫిర్యాదు చేయడానికి పోలీసుల గుమ్మమే ఎక్కాల్సి రావడం ఎలాంటిదో మీరు ఎప్పుడైనా ఆలోచించారా? ఆ గుమ్మం ఎక్కిన ఆడవాళ్లు తుపాకీ పట్టుకున్నవాళ్లకు భయపడి ఇంట్లో కూర్చోలేదు. చట్టాన్ని నమ్మి వచ్చారు. ఆ నమ్మకానికి మీ శాఖ తిరిగి ఇచ్చిందేమిటి?

గుర్తింపు పరేడ్ సంగతే తీసుకుందాం. ఆ పని ఎంత చిన్నదో, అది జరగకపోతే ఎంత నష్టమో మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నేరం చేసినవాళ్లు బాధితులకు అంతకు ముందు ముఖపరిచయం లేనివాళ్లయితే, దర్యాప్తు అధికారి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటు ముందు అనుమానితులను అదే వయసు, అదే ఆకారం ఉన్న ఇతరులతో కలిపి నిలబెట్టాలి. బాధితులు వచ్చి వీడే అని చూపిస్తారు. జ్ఞాపకం పచ్చిగా ఉన్నప్పుడే ఇది జరగాలి. వాకపల్లిలో ఇది జరగలేదు. దాని ఫలితం ఏమిటి? పదేళ్లు దాటాక కోర్టు బోనులో నిలబడ్డ నడివయసు మనుషులను చూసి, ఆ పొద్దున తమ మీద పడ్డవాళ్లు వీళ్లలో ఎవరో చెప్పమని ఆ ఆడవాళ్లను అడగాల్సి వచ్చింది. ఏ మనిషైనా అలా గుర్తుపట్టగలడా? గుర్తుపట్టినా ఏ కోర్టు అయినా ఆ గుర్తింపు మీద శిక్ష వేయగలదా?

దీన్ని ఇంకో వైపు నుంచి చూడండి. ఆ రోజు ఆ ఊరికి ఎవరెవరు వెళ్లారో వాకపల్లిలో ఎవరికీ తెలియదు. మీకు తెలుసు. గ్రేహౌండ్స్ 1989లో ఏర్పడిన ప్రత్యేక దళం, ఒక్క అడుగు కూడా ఆదేశం లేకుండా వేయదు. ఏ బృందం ఎప్పుడు బయల్దేరింది, ఎంత మంది, ఎవరి నాయకత్వంలో, ఏ దారిన వెళ్లింది అన్నది ఆ దళానికి తెలియకుండా ఉండదు. రాష్ట్రం దగ్గర 21 పేర్లున్నాయి. బాధితుల దగ్గర ముఖాల జ్ఞాపకం ఉంది. ఈ రెండింటినీ ఒక గదిలో కలపడమే దర్యాప్తు అధికారి పని. పేర్లు దాచుకున్న కొట్టుకు తాళం వేసి, బయట నిలబడ్డవాళ్లను పేర్లు చెప్పమంటే ఎలా? ఇలాంటి లోపాన్ని ఏమరుపాటు అని రాసుకుని వదిలేస్తారా, లేక దాని వెనక ఎవరి నిర్ణయం ఉందో తేలుస్తారా?

ఈ దేశంలో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఆ చట్టం కింద కేసును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలని నిబంధన పెట్టారు. ఎందుకు పెట్టారు? కింది స్థాయిలో ఒత్తిళ్లుంటాయని, పెద్ద అధికారి అయితే నిలబడతాడని. నిలబడకపోతే ఏం చేయాలో కూడా అదే చట్టం 4వ సెక్షన్‌లో చెప్పింది. తన విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగిని శిక్షించవచ్చు. ఈ కేసులో ఆ సెక్షన్ వర్తిస్తుందో లేదో మీరు పరిశీలించారా? పరిశీలించి వర్తించదు అనుకుంటే, ఆ కారణాలు ఏమిటో ఆ 11 కుటుంబాలకు చెప్పారా?

మీ కమిటీ ఎవరో పుట్టించినది కాదు. 2014 జనవరి 7న, గుజరాత్ ప్రభుత్వం వర్సెస్ కిషన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్ర హోం శాఖకూ ఒక పని అప్పజెప్పింది. నిందితులు నిర్దోషులుగా బయటపడ్డ ప్రతి కేసునూ పరిశీలించండి, ఎక్కడ తప్పు జరిగిందో రాయండి, అది అమాయకపు పొరపాటా, బాధ్యత వహించాల్సిన తప్పా అన్నది తేల్చండి, తప్పయితే శాఖాపరమైన చర్య తీసుకోండి అని చెప్పింది. అందుకు పోలీసు, ప్రాసిక్యూషన్ విభాగాల సీనియర్ అధికారులతో కమిటీ ఉండాలంది. వాకపల్లి తీర్పు ఆ కమిటీ గుమ్మం దాకా వచ్చిన కేసు. అయ్యా, మీరు సమావేశమయ్యారా? ఏం రాశారు? ఎవరిని పిలిచి అడిగారు? బాధిత మహిళల్లో ఒక్కరితోనైనా మాట్లాడారా? మీరు రాసినది ఏదైనా సరే, అది ప్రజల ముందుకు రావాలి. పోలీసుల తప్పును పోలీసులే గది తలుపులు మూసుకుని విచారించి, పోలీసులే ఆ కాగితాన్ని బీరువాలో పెట్టుకుంటే, సుప్రీంకోర్టు చెప్పినదానికి అర్థమే మారిపోతుంది.

మొదటి రోజుల్లో మీ వైపు నుంచి వచ్చిన జవాబు ఒకటుంది. ఇదంతా మావోయిస్టులు చెప్పించిన కథ అని. మన్యంలో ఈ జవాబు చాలా పాతది. ఏ ఫిర్యాదు వచ్చినా అది అన్నల పని, ఏ సభ జరిగినా అది అన్నల పని. ఈ జవాబు గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే ఇక్కడ నిజంగా యుద్ధం జరిగింది, దాన్ని నేను కాదనను. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పడవ మీద మావోయిస్టులు దాడి చేస్తే 38 మంది ప్రాణాలు పోయాయి, వాళ్లలో ఎక్కువ మంది గ్రేహౌండ్స్ వాళ్లే. 2018 సెప్టెంబర్ 23న మా అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునీ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనూ డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర చంపేశారు. ఆ రోజు మా వీధి వీధంతా తలుపులు వేసుకుంది. ఆ హత్యలను నేను సమర్థించను, సమర్థించేవాళ్లతో మాట్లాడను. అయితే ఆ యుద్ధానికి వాకపల్లిలో చేను దగ్గర ఉన్న ఆడమనిషికి సంబంధం ఏమిటి? మావోయిస్టు దళం ఊళ్లోకి వస్తే అన్నం పెట్టమంటుంది. పోలీసులు వస్తే ఎవరికి అన్నం పెట్టావని అడుగుతారు. ఇద్దరి చేతిలోనూ తుపాకీ ఉంటుంది. ఆమె చేతిలో కొడవలి ఉంటుంది. రెండు సాయుధ దళాల మధ్య బతికే మనిషిని ఎవరి వైపు అని అడిగే ముందు, ఆమె ఒంటి మీద ఏం జరిగిందని చెబుతోందో వినడం ప్రభుత్వ ధర్మం కాదా? ఆమె ఎవరి చుట్టమైనా సరే, అత్యాచారం నేరం కాకుండా పోతుందా?

ఇంకా ఒకటి అడగాలి. మావోయిస్టులే చెప్పించారని మీరు నిజంగా నమ్మితే, గుర్తింపు పరేడ్ పెట్టడానికి భయమెందుకు? ఆ ఆడవాళ్లు అబద్ధం చెబుతున్నారని అందరి ముందూ తేలిపోయేది కదా. మీ పోలీసుల పేరు కూడా అక్కడితో శుభ్రంగా బయటికి వచ్చేది. దర్యాప్తును సరిగా జరగనివ్వకపోవడం వల్ల నష్టపోయింది బాధితులు మాత్రమే కాదు, ఏ తప్పూ చేయని మీ పోలీసులు కూడా. వాళ్ల మీద పడ్డ ఆ అనుమానాన్ని ఏ తీర్పూ పూర్తిగా తుడిచేయలేదు. దానికి జవాబుదారీ ఎవరు?

ఈ కేసు కోర్టుల్లో ఎలా సాగిందో నేను వివరంగా రాయను, మీకు తేదీలతో సహా తెలుసు. నిందిత పోలీసులు కేసు కొట్టేయాలని కోరితే, 2012లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు 21 మందిలో 13 మందిపై విచారణ జరగాల్సిందేనని చెప్పింది. తర్వాత విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2017లో అక్కడా విచారణ జరపమనే చెప్పారు. ఆ తర్వాతే విశాఖపట్నంలో సాక్ష్యాలు మొదలయ్యాయి. తీర్పు దాకా గడిచిన దాదాపు పదహారేళ్లలో నిందితుల్లో ఒక్కరినీ అరెస్టు చేయలేదని మానవ హక్కుల వేదిక చెప్పింది. అన్ని కోర్టుల మెట్లూ ఎక్కి దిగినది కోందు ఆడవాళ్లు. ప్రతి వాయిదాకూ ఎవరో ఒకరు చేను పని వదులుకుని, కొండలు దిగి, బస్సు ఎక్కి, తమ ఇంటి మాట కాని మాటలో ప్రశ్నలు వేసే నగరానికి వెళ్లారు. అంతకాలం ఆ మాట మీద నిలబడ్డవాళ్లను కథ అల్లినవాళ్లని అనగలమా?

ఇలాంటి కేసులు ఇలాగే ముగుస్తాయని మీలో కొందరు అనుకోవచ్చు. అది తప్పని చెప్పడానికి దూరం పోనక్కర్లేదు, తమిళనాడు చాలు. 1992 జూన్ 20న ధర్మపురి జిల్లా వాచాత్తి అనే ఆదివాసీ ఊరిపై గంధపు చెక్కల స్మగ్లింగ్ పేరుతో అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది దాడి చేశారు. 18 మంది మహిళలపై అత్యాచారం జరిగింది. అక్కడా మొదట అధికారులు కాదన్నారు. 1995లో హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. 269 మందిపై నేరం మోపారు. 2011 సెప్టెంబర్ 29న, అప్పటికి బతికున్న 215 మందినీ న్యాయస్థానం దోషులుగా తేల్చింది. 2023 సెప్టెంబర్ 29న మద్రాసు హైకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. బాధితులకు పది లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వమంది, అప్పటి కలెక్టర్ మీదా, ఎస్పీ మీదా, జిల్లా అటవీ అధికారి మీదా చర్య తీసుకోమంది. వాకపల్లి తీర్పు వచ్చిన ఏడాదే ఆ తీర్పూ వచ్చింది. అదీ కొండ ఊరే, ఇదీ కొండ ఊరే. వాళ్లూ ఆదివాసీలే, వీళ్లూ ఆదివాసీలే. ఆరోపణ ఎదుర్కొన్నది రెండు చోట్లా ప్రభుత్వ సిబ్బందే. అక్కడ ఆరోపణ ఎదుర్కొన్న శాఖల చేతిలోంచి దర్యాప్తు తీసేశారు. ఇక్కడ అదే పోలీసు శాఖ చేతిలో ఉంచారు. మిగతా తేడాలు ఎన్ని ఉన్నా, ఈ ఒక్క తేడాను మీరు తోసిపుచ్చగలరా?

మన ఉమ్మడి రాష్ట్రానికి కూడా ఇలాంటి కేసు కొత్త కాదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్త దెబ్బలకు చనిపోయాడు. జనం రోడ్ల మీదికి వచ్చారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని చెప్పింది. కేసు రాయచూరుకు మారి, అక్కడ పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. అదే 1978లో మహారాష్ట్రకు చెందిన మథుర అనే ఆదివాసీ అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను వదిలేసింది. ఆ తీర్పును ప్రశ్నిస్తూ 1979లో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు భారత ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఆ లేఖ వెనక దేశమంతా మహిళలు కదిలారు. 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగే అత్యాచారం ప్రత్యేక నేరమైంది. నేను అంత పెద్దవాళ్లలో ఒకదాన్ని కాదు, అరకు లోయలో ఉండే ఒక ఆడదాన్ని. అయినా బహిరంగంగా రాసిన లేఖను పాలకులు చదివి, కాగితం మీద ఉన్న చట్టాన్ని మార్చిన అనుభవం ఈ దేశానికి ఉందని మీకు గుర్తు చేయాలి.

ఇంకా దూరంగా ఉన్న ఒక దేశం సంగతి కూడా చెబుతాను. 2014 ఆగస్టు 3న ఇరాక్‌లోని సింజార్ మీద ఐసిస్ దాడి చేసింది. అక్కడి యజీదీ మతస్థుల్లో మగవాళ్లను చంపి, వేల మంది ఆడవాళ్లనూ పిల్లలనూ బందీలుగా పట్టుకుపోయింది. కోచో ఊరికి చెందిన నాదియా మురాద్ ఆ చెర నుంచి తప్పించుకుని, ప్రపంచం ముందు నిలబడి తన మీద జరిగినదాన్ని చెప్పింది. 2018లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. వాకపల్లిని సింజార్‌తో పోల్చడం లేదు, ఆ బందీల చెర వేరు, ఆ మారణకాండ వేరు. నేను పోలుస్తున్నది ఆ తర్వాత ప్రభుత్వాలు చేసిన పనిని. 2021 మార్చి 1న ఇరాక్ పార్లమెంటు యజీదీ బాధితుల చట్టం చేసింది. బతికి బయటపడ్డ ఆడవాళ్లకు నెలనెలా భృతి, స్థలం, చదువులో సదుపాయం, ప్రభుత్వోద్యోగాల్లో 2 శాతం వాటా ఇవ్వాలని అందులో ఉంది. అదే ఏడాది నవంబర్ 30న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ న్యాయస్థానం ఒక ఐసిస్ సభ్యుణ్ణి జాతి నిర్మూలన నేరానికి దోషిగా తేల్చింది. ఒక యజీదీ తల్లి సాక్ష్యాన్ని ఆ కోర్టు విన్నది. యుద్ధంతో శిథిలమైన ఇరాక్ ఒక చట్టం చేసుకోగలిగింది, తమ నేల మీద జరగని నేరాన్ని జర్మనీ విచారించగలిగింది. యుద్ధంలో లేని ఒక ప్రభుత్వం, అదీ కోర్టు చెప్పాక, తన సొంత పోలీసుల మీద వచ్చిన ఆరోపణను ఎందుకు అలా చూడలేకపోతోంది?

కాబట్టి అడగాల్సినవి నేరుగా అడుగుతాను. విడుదల తీర్పు మీద ప్రభుత్వం అప్పీలుకు వెళ్లిందా, వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదో లిఖితపూర్వకంగా చెప్పండి. అప్పీలు చేయాలా వద్దా అన్నది రాజకీయ నిర్ణయం అయితే, దాన్ని తీసుకున్నవాళ్ల పేర్లు బయట పెట్టండి. కోర్టు చెప్పిన పరిహారం ఆ కుటుంబాల చేతికి అందిందా? అందితే ఎంత, ఎప్పుడు? అందకపోతే ఎవరి సంతకం కోసం ఆగింది? మన్యంలో పరిహారం అనే మాట వినగానే బ్యాంకు పాస్‌బుక్కు, ఆధార్, వేలిముద్ర, నెట్‌వర్క్ అని నాలుగు అడ్డంకులు లేచి నిలబడతాయి. ఆ ఆడవాళ్లు పాడేరులో వరుసలో నిలబడకుండా, అధికారులే ఊరికి వెళ్లి ఇవ్వాలి. ఇప్పుడు పాడేరు జిల్లా కేంద్రం, కలెక్టర్ అక్కడే ఉంటారు కాబట్టి దూరం అనే సాకు కూడా లేదు.

ఇకపై ఏ ఊళ్లో కూంబింగ్‌కు వెళ్లినవాళ్ల మీద ఇలాంటి ఆరోపణ వచ్చినా, ఆ దళం ఉన్న శాఖ ఆ కేసును ముట్టుకోకూడదు. బృందంలో ఎవరున్నారో ఆ రోజే మేజిస్ట్రేటుకు అందాలి. గుర్తింపు పరేడ్ వారాల్లో జరగాలి. వైద్య పరీక్షను గంటల్లో చేయాలి, మహిళా వైద్యురాలు చేయాలి. బాధితుల వాంగ్మూలాన్ని వాళ్ల కువి మాటలో, ఆ మాట తెలిసినవాళ్ల ద్వారా రాసుకోవాలి. ఇవన్నీ మీరు ఒక ఉత్తర్వుతో చేయగలిగినవే. ఆ ఉత్తర్వు ఇవ్వడానికి మీకు ఇంకో వాకపల్లి కావాలా?

మన్యం ఇప్పుడు కొంత ప్రశాంతంగా ఉంది. కాఫీ తోటలకు, బొర్రా గుహలకు, మా లోయకు జనం రైళ్లలో వస్తున్నారు. ఈ ప్రశాంతత మీ దళాలు తెచ్చిందే అని మీ ప్రెస్‌నోట్లు చెబుతున్నాయి. దానిలో కొంత నిజం ఉండొచ్చు. అయితే ఆ ప్రశాంతత ఎవరిది? పోలీసు జీపు శబ్దం వినగానే ఏ ఊరి ఆడవాళ్లు చేనులోంచి లేచి అడవిలోకి పరుగెత్తరో, ఆ ఊరికి మాత్రమే ప్రశాంతత వచ్చిందని నేను అంటాను. మీ అధికారులు ఏ ఊరికైనా వెళ్లి చూసుకోవచ్చు.

చివరగా ఒకే కోరిక. ఈ లేఖకు జవాబు నాకు పంపనవసరం లేదు. దర్యాప్తు అధికారి వైఫల్యం మీద మీ కమిటీ ఏం తేల్చిందో, పరిహారం ఎక్కడుందో, అప్పీలు సంగతి ఏమైందో ఒక కాగితం మీద రాసి, మీ సంతకంతో వాకపల్లి గ్రామసభకు పంపండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ మాటకు విలువ ఉందని పెసా చట్టం చెప్పింది, అది మీకు కొత్త కాదు. ఆ కాగితాన్ని కువిలో చదివి వినిపించే మనిషిని కూడా వెంట పంపండి. ఆ ఆడవాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పగల స్థాయి అధికారి ఆ రోజు అక్కడ ఉండాలి. తేదీ మీరే పెట్టండి, ఆ తేదీని ముందుగా ఆ ఊరికి తెలియజేయండి.

ఇట్లు,
మన్యం పౌరురాలు,
అరకు లోయ, అల్లూరి సీతారామరాజు జిల్లా